అంగస్తంభన సమస్యకు ఏ వ్యాయామం? కూర్చుని పనిచేసే మగవాళ్ల కోసం ఒక పోలిక

రోజంతా కుర్చీలోనో, గల్లాపెట్టె ముందో, స్టీరింగ్ వెనకో గడిపే మగవాళ్లలో అంగస్తంభన సమస్య మొదలైతే డాక్టర్ తప్పకుండా అనే మాట ఒకటుంది: "కాస్త ఒళ్లు కదిలించండి." మంచి సలహానే, కానీ సగం సలహా. ఏం చేయాలి, ఎంతసేపు, ఎన్ని నెలలు అన్నది ఆ కాసేపటి కన్సల్టేషన్‌లో తేలదు. బయటికొచ్చి యూట్యూబ్ తెరిస్తే ఒకాయన కెగెల్ (కటి అడుగు కండరాలను బిగించి వదిలే వ్యాయామం) అంటాడు, ఇంకొకాయన స్క్వాట్స్ అంటాడు, మరొకాయన అశ్వినీ ముద్ర అంటాడు. నాలుగో ఆయన ఏదో పొడి అమ్ముతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్కటే చేయగలిగితే ఊపిరి వేగం పెరిగేలా నడవండి. రెండు చేయగలిగితే దానికి కెగెల్ కలపండి. మిగతావి ఆ తర్వాతే. ఈ వరస ఎందుకో, ఎవరి విషయంలో మారుతుందో కింద చూద్దాం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, మీ సమస్య ఎక్కడుంది అన్నది. అంగం గట్టిపడాలంటే రక్తం వేగంగా లోపలికి రావాలి, వచ్చింది వెనక్కి పోకుండా నిలవాలి. రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలైతే నాళాలు వదులై రక్తం పారుతుంది. ఈ వాయువు మన ఒంట్లో చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ వచ్చింది. కదలకుండా ఉండటం, షుగర్, బీపీ, సిగరెట్, పొట్ట అన్నీ కలిసి ఆ పొరనే దెబ్బతీస్తాయి. అంగానికి వెళ్లే ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండెకు రక్తం ఇచ్చేవి 3 నుంచి 4. సన్నవాటిలో తేడా ముందు తెలుస్తుంది. అందుకే చాలామందిలో స్తంభన సమస్య గుండె జబ్బు కంటే రెండు నుంచి అయిదేళ్లు ముందే కనిపిస్తుంది.

అందరి సమస్యా రక్తనాళాల్లోనే ఉండదు. తెల్లవారుజామున నిద్రలేచేసరికి స్తంభన బాగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే విఫలమవుతుంటే టెన్షన్ వైపు చూడాలి. మొదట గట్టిపడి మధ్యలోనే జారిపోతుంటే, కారణాల్లో ఒకటిగా కటి అడుగున ఉండే కండరాల బలహీనతను అనుమానించవచ్చు. చాలామందిలో ఇవన్నీ కొంచెం కొంచెం కలిసే ఉంటాయి.

రెండోది, ఆధారం. "ఒంటికి మంచిది" వేరు, "స్తంభన మెరుగైందని కొలిచి చూశారు" వేరు. మనకు కావలసింది రెండోది.

మూడోది, మీ గుండె, మోకాళ్లు, షుగర్ దానికి ఒప్పుకుంటాయా అన్నది. నాలుగోది, ఆరు నెలలు ఆపకుండా చేయగలరా అన్నది. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. దీంట్లోనే ఎవరూ బయటికి చెప్పని ఇంకో లెక్క ఉంది: చాటు. అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న మూడు గదుల ఇంట్లో, "ఏం చేస్తున్నావు, ఎందుకు చేస్తున్నావు" అని ఎవరూ అడగకుండా సాగిపోయేదే నిలబడుతుంది.

## మొదలుపెట్టే ముందు

ఛాతీలో నొప్పి, కొంచెం నడిస్తేనే ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా, ఇంతకుముందు గుండెపోటు వచ్చినా, స్టెంట్ పడినా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వ్యాయామం తర్వాత. ఇవేమీ లేకపోయినా 40 దాటినవాళ్లు బీపీ, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, ఉదయం పూట తీసే టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పరీక్ష చేయించుకోవడం మేలు. షుగర్ ఉందని ఈ పరీక్షల్లోనే మొదటిసారి తెలిసేవాళ్లు ఉంటారు. ఒక టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుము కూడా కొలుచుకోండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క. ప్యాంటు సైజు చూసి సంతోషపడకండి, దాన్ని పొట్ట కిందికి కడతాం కదా.

## ఒక్క చూపులో

| వ్యాయామం | స్తంభనపై నేరుగా ఆధారం | ఎవరికి ఎక్కువ లాభం | తేడా తెలియడానికి | ఖర్చు, చాటు |
|---|---|---|---|---|
| వేగంగా నడక, జాగింగ్ | అన్నిటికంటే బలమైనది | పొట్ట, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు | 3–6 నెలలు | మంచి బూట్లు చాలు. ఎవరూ ఏమీ అడగరు |
| కెగెల్ | బాగుంది, కానీ చిన్న అధ్యయనాలు | మధ్యలో పట్టు జారిపోయేవాళ్లు | 3–6 నెలలు | ఖర్చు లేదు. పక్కనున్నవాళ్లకు కూడా తెలియదు |
| జిమ్‌లో బరువులు | విడిగా చూస్తే తక్కువ | షుగర్ ఉన్నవాళ్లు, కండ తగ్గినవాళ్లు | నెలలు పడుతుంది | నెలవారీ ఫీజు |
| యోగా | తొలి దశలోనే ఉంది | టెన్షన్ ఎక్కువున్నవాళ్లు | మనిషిని బట్టి | ఇంట్లోనే |
| సైకిల్, ఈత | నడకతో సమానమని భావించవచ్చు | మోకాళ్ల నొప్పులున్నవాళ్లు | 3–6 నెలలు | పరికరమో, కొలనో కావాలి |

## నడక: సాదాసీదాగా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది

2018లో డెన్మార్క్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పది అధ్యయనాలను కలిపి చూశారు. కదలిక లేకపోవడం, ఊబకాయం, బీపీ, గుండె జబ్బుల వల్ల వచ్చిన స్తంభన సమస్యకు వాళ్లు తేల్చిన మోతాదు: మధ్యస్థం నుంచి తీవ్రమైన ఏరోబిక్ వ్యాయామం (నడక, జాగింగ్ లాగా ఊపిరి, గుండె వేగం పెంచేది), ఒక్కోసారి 40 నిమిషాలు, వారానికి 4 సార్లు, 6 నెలలు. వారానికి 160 నిమిషాలు అవుతుంది. ఫోన్‌లో రాసి పెట్టుకోవలసిన మోతాదు ఇదే.

2023లో వచ్చిన మరో విశ్లేషణ 11 అధ్యయనాలను, 1,100 మందికి పైగా మగవాళ్లను కలిపి లెక్కేసింది. 30 మార్కులకు ఉండే స్తంభన స్కోరులో ఏరోబిక్ వ్యాయామం చేసినవాళ్లకు సగటున 2.8 మార్కులు పెరిగాయి. తక్కువ సమస్య ఉన్నవాళ్లకు 2.3, మధ్యస్థంగా ఉన్నవాళ్లకు 3.3, తీవ్రంగా ఉన్నవాళ్లకు 4.9. సమస్య ఎంత పెద్దదైతే లాభం అంత ఎక్కువన్నమాట. అయితే ఇక్కడ ఆశను కొంచెం అదుపులో పెట్టుకోవాలి. తీవ్రమైన సమస్య అంటే 30కి 10 లేదా అంతకంటే తక్కువ. దానికి 5 మార్కులు కలిస్తే మహా అయితే మధ్యస్థంలోకి వస్తారు, మామూలు స్థాయికి రారు. అలాంటివాళ్లు నడకతో పాటు మందు కూడా వాడవలసి రావచ్చు. తక్కువ సమస్య ఉన్నవాళ్లకు మాత్రం ఆ రెండు మార్కులే మామూలు స్థాయికి చేర్చవచ్చు.

అయితే ఏ నడక? పార్కులో సాయంత్రం నలుగురు కలిసి రాజకీయాలు మాట్లాడుకుంటూ వేసే రౌండ్లు ఇందులోకి రావు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది సరైన వేగం. రెండు ముక్కలు మాట్లాడేసరికే ఊపిరి ఆడకపోతే తగ్గించండి, పూర్తి పల్లవి పాడగలిగితే పెంచండి.

ఎప్పుడూ కదలని మనిషి మొదటిరోజే 40 నిమిషాలు నడిస్తే మూడో రోజు మడమ నొప్పితో ఇంట్లో కూర్చుంటాడు. మొదటి వారం 15 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే ఆరో వారానికి 40కి చేరతారు. ఎండాకాలంలో విజయవాడ, రామగుండం లాంటి చోట్ల ఉదయం ఆరున్నర దాటాక బయట నడవడం కష్టం. అప్పుడు అపార్ట్‌మెంట్ మెట్లు, ఇంట్లో ఉన్నచోటే అడుగులు, మాల్ కారిడార్ ఏదైనా సరే. గుండెకు, రక్తనాళాలకు చోటుతో పనిలేదు.

షుగర్ ఉన్నవాళ్లు చెప్పులు లేకుండా నడవొద్దు, కాలికి స్పర్శ తగ్గి ఉంటే గుచ్చుకున్నది కూడా తెలియదు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, షుగర్ మరీ పడిపోతే వేసుకోవడానికి జేబులో చిన్న గ్లూకోజ్ పొట్లం పెట్టుకోండి.

## కెగెల్: ఎవరికీ కనిపించని వ్యాయామం

ఇది ఆడవాళ్ల వ్యాయామం అన్న అభిప్రాయం ఇంకా పోలేదు. అంగం మొదట్లో దాన్ని చుట్టి రెండు కండరాలుంటాయి. లోపలికి వచ్చిన రక్తాన్ని బిగించి పట్టి ఉంచడంలో వాటికి పాత్ర ఉంది. కూర్చునే బతుకులో అవీ సడలిపోతాయి.

బ్రిటన్‌లో గ్రేస్ డోరీ అనే ఫిజియోథెరపిస్ట్, ఆమె బృందం ఆరు నెలలకు పైగా సమస్య ఉన్న 55 మందిపై ఈ వ్యాయామాన్ని పరీక్షించారు. ఆరు నెలల తర్వాత 40 శాతం మందికి స్తంభన మామూలు స్థాయికి వచ్చింది, 35.5 శాతం మందికి మెరుగైంది, మిగిలిన 24.5 శాతానికి ఏ మార్పూ లేదు. ఫలితం గొప్పదే కానీ 55 మంది అంటే చిన్న గుంపు. పైగా వాళ్లకు దగ్గరుండి నేర్పారు. ఇంట్లో వీడియో చూసి చేసేవాళ్లకు ఇదే ఫలితం వస్తుందని అనుకోలేం, ఎందుకంటే చాలామంది తప్పు కండరాన్ని బిగిస్తారు.

సరైన కండరాన్ని ఇలా పట్టుకోవచ్చు. నలుగురి మధ్య గ్యాస్ పోకుండా ఎలా బిగపడతారో అలా బిగించండి. అద్దం ముందు బట్టలు లేకుండా నిలబడి చూస్తే అంగం మొదలు కొంచెం లోపలికి లాక్కోవాలి, వృషణాలు కాస్త పైకి లేవాలి. పొట్ట బిగుసుకున్నా, పిరుదులు, తొడలు గట్టిపడినా, ఊపిరి ఆగినా మీరు చేస్తున్నది వేరే ఏదో. డోరీ పద్ధతిలో నిలబడి మూడు, కూర్చుని మూడు, పడుకుని మూడు గట్టి బిగింపులు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కో బిగింపు పట్టగలిగినంతసేపు, పది సెకన్ల దాకా. మూత్రం పోశాక చివర ఒకసారి గట్టిగా బిగించడం కూడా అందులో భాగమే, చివరి చుక్కలు బట్టలకు అంటుకునే ఇబ్బంది కూడా దాంతో తగ్గుతుంది. మూత్రం మధ్యలో ఆపడాన్ని మాత్రం రోజూ చేసే వ్యాయామంగా పెట్టుకోవద్దు.

ఎవరు చేయకూడదు? కింద ఎప్పుడూ బిగుతుగా, నొప్పిగా ఉండేవాళ్లు, మూత్రం మొదలవడానికే తంటాలు పడేవాళ్లు. వాళ్ల కండరాలు ముందే బిగుసుకుని ఉండొచ్చు, ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి.

## జిమ్: పేరు పెద్దది, ఆధారం చిన్నది

మగతనం అనగానే జిమ్ గుర్తొస్తుంది, అందుకే దీన్ని ఎంచుకునేవాళ్లు ఎక్కువ. స్తంభన మీద ఒక్క బరువుల ప్రభావాన్నే విడిగా చూసిన అధ్యయనాలు మాత్రం తక్కువ. స్క్వాట్స్ చేస్తే టెస్టోస్టిరాన్ పెరుగుతుందన్న మాటలో నిజం కొంచెమే: ఆ పెరుగుదల వ్యాయామం అయ్యాక కాసేపటికే దిగిపోతుంది. అయినా బరువులు దండగ అనను. కండ పెరిగితే రక్తంలో చక్కెర బాగా వినియోగమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు రెండు రోజులు కండరాల వ్యాయామం చేయమంటుంది. కాబట్టి నడకకు తోడుగా పెట్టుకోండి, దాని బదులుగా వద్దు.

జిమ్‌లో అసలు ప్రమాదం బరువుల దగ్గర లేదు, లాకర్ రూమ్‌లో ఉంది. "సైకిల్ వేద్దాం అన్నా, ఎనిమిది వారాల్లో తేడా చూడు" అని ఎవరైనా ఇంజెక్షన్ల గురించి చెబితే అక్కడ సైకిల్ అంటే స్టెరాయిడ్లు. బయటి నుంచి హార్మోన్ ఎక్కితే మీ వృషణాలు సొంతంగా తయారుచేయడం మానేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి. ఆపేశాక టెస్టోస్టిరాన్ అడుగంటి, ఏ సమస్య కోసం వెళ్లారో అదే ఎక్కువవుతుంది.

షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు.

## యోగా, సైకిల్, ఈత

యోగా గురించి మన దేశంలోనే 65 మంది మగవాళ్లపై 12 వారాలు జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. లైంగిక సామర్థ్యానికి సంబంధించిన స్కోర్లన్నీ మెరుగయ్యాయని తేలింది. పోల్చి చూడటానికి యోగా చేయని గుంపు అందులో లేదు కాబట్టి దీన్ని గట్టి రుజువు అనలేం. అశ్వినీ ముద్ర, మూలబంధం చేసేవాళ్లు దాదాపు కెగెల్ కండరాలనే బిగిస్తున్నారు. సూర్య నమస్కారాలు ఆపకుండా వేగంగా చేస్తే ఆయాసం వస్తుంది, అప్పుడు అది ఏరోబిక్ కిందికి వస్తుంది. నిదానంగా చేస్తే మనసుకు విశ్రాంతి, అంతే. బీపీ అదుపులో లేనివాళ్లు, కంటి సమస్య ఉన్నవాళ్లు శీర్షాసనం జోలికి పోవద్దు.

సైకిల్ విషయంలో ఒక భయం తిరుగుతుంటుంది: సీటు నరాలను నొక్కి ఉన్నది కూడా పోతుందని. గంటలకొద్దీ సన్నటి సీటు మీద కూర్చుంటే కింద తిమ్మిరి వస్తుంది, ఆ తిమ్మిరిని పట్టించుకోకపోవడం తప్పు. వెడల్పాటి సీటు వేయించుకుని, మధ్యమధ్యలో లేచి నిలబడి తొక్కుతూ అరగంట, ముప్పావుగంట చేస్తే భయం అక్కర్లేదు. ఈత మోకాళ్లకు అన్నిటికంటే సుఖం, కొలను దొరకడమే కష్టం. ఆదివారం ఒక్కరోజే షటిల్ కోర్టుకెళ్లి గంటన్నర ఎగిరేవాళ్లకు మాత్రం ఒక మాట: వారమంతా కదలని గుండెకు అది మంచి పద్ధతి కాదు, ముందు నెలన్నర నడవండి.

## మాత్ర ఉండగా వ్యాయామం ఎందుకు?

సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) గంటలో పనిచేస్తుంది, నడకకు నెలలు కావాలి. కానీ మాత్ర కూడా ఆ నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే పనిచేస్తుంది. దెబ్బతిన్న పొర నుంచి అది తక్కువగా వస్తుంటే మాత్ర కూడా అంతంత మాత్రమే. ఇటలీలో 60 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్ర ఒక్కటే, ఇంకో గుంపుకు మాత్రతో పాటు వారానికి మూడు గంటల వ్యాయామం ఇచ్చి మూడు నెలలు చూస్తే రెండో గుంపుకే మెరుగైన ఫలితం వచ్చింది. రెండింటి మధ్య పోటీ పెట్టనక్కర్లేదు.

ఒక ప్రాణాంతకమైన విషయం. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్, అదే తరహా మందైన టడలాఫిల్ వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. గోడల మీద పోస్టర్లతో అమ్మే "మూలికా" గుళికల్లో ఇదే మందును చెప్పకుండా కలిపిన సందర్భాలు బయటపడ్డాయి కాబట్టి, నాటు మందే కదా అని ధైర్యం చేయొద్దు.

## మీరు ఎవరు, మీకు ఏది

50 దాటిన వ్యాపారి, షుగర్, బీపీ, పొట్ట. ఈ వ్యాసం ఎక్కువగా మీ కోసమే. నడక, కెగెల్ రెండూ ఈ వారమే మొదలుపెట్టండి. పొద్దున్నే షాపు తెరవాలి కాబట్టి టైం లేదంటారు. 40 నిమిషాలను ఉదయం 20, రాత్రి 20గా విడగొట్టుకున్నా ఏమీ నడవకపోవడం కంటే వెయ్యి రెట్లు మేలు. షుగర్ ఎన్నో ఏళ్లుగా ఉండి నరాలు కూడా దెబ్బతిని ఉంటే వ్యాయామం ఒక్కదానితో పూర్తిగా బాగుపడుతుందని ఆశపెట్టుకోవద్దు, డాక్టర్ సలహాతో మందు కలపండి.

30ల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఉదయం స్తంభన బాగానే ఉంది. మీ రక్తనాళాలు పనిచేస్తున్నాయి. కొత్తగా పెళ్లయి, ఒకసారి విఫలమై, ఆ భయంతోనే రెండోసారీ విఫలమైనవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీకు కెగెల్ లెక్కలు కొత్త పరీక్షగా మారే ప్రమాదం ఉంది. నడకనో, యోగానో, ఇష్టమైన ఆటనో పెట్టుకోండి. రాత్రి రెండింటిదాకా లాప్‌టాప్ ముందు కూర్చోవడం మానేయండి. భార్యతో మాట్లాడండి, అవసరమైతే ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌ను కలవండి.

వంద కిలోల బరువు, మోకాళ్ల నొప్పి. మీకు బరువు తగ్గడమే ప్రధాన వైద్యం. 2004లో ఇటలీలో 110 మంది ఊబకాయులపై రెండేళ్లు జరిగిన అధ్యయనంలో, ఆహారం మార్చి, వ్యాయామం పెంచి బరువు తగ్గిన గుంపులో దాదాపు మూడో వంతు మందికి స్తంభన మామూలు స్థాయికి వచ్చింది. నడక బదులు ఇంట్లో తొక్కే సైకిల్ లేదా ఈతతో మొదలుపెట్టండి. రాత్రి భోజనంలో అన్నం సగం చేయకుండా వ్యాయామం ఒక్కదానితో పొట్ట తగ్గించడం చాలా కష్టం.

స్టెంట్ పడినవాళ్లు. కార్డియాలజిస్ట్ చెప్పిన మోతాదే మీ మోతాదు. రెండంతస్తులు మెట్లు ఆపకుండా ఎక్కి, నొప్పీ ఆయాసం లేకుండా ఉండగలిగితే సంభోగానికి అయ్యే శ్రమను గుండె తట్టుకుంటుందని డాక్టర్లు ఒక గుర్తుగా వాడతారు. అదైనా సొంతంగా పరీక్షించుకోవద్దు, వాళ్ల ఎదుటే జరగాలి.

ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లు. మూత్రం జారడానికి కెగెల్ మీకు ఎలాగూ చెప్పే ఉంటారు, మానొద్దు. స్తంభన తిరిగి రావడం మాత్రం ఆపరేషన్‌లో నరాలు ఎంతవరకు మిగిలాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

## ఆరు నెలలయ్యాక

మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి నడుము, బీపీ, హెచ్‌బీఏ1సీ మళ్లీ చూడండి. స్తంభన కంటే ముందు ఇవి మారతాయి, మీరు దారిలో ఉన్నారో లేదో ఇవే చెబుతాయి. వారానికి 160 నిమిషాలు నిజంగా చేసి, సిగరెట్ మానేసి, అయినా తేడా లేకపోతే యూరాలజిస్ట్‌ను కలవండి. వెళ్లేటప్పుడు ఇంట్లో మీరు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్‌లో వేసుకెళ్లండి. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లు, నీరు పోయేలా చేసే కొన్ని బీపీ మాత్రలు, డిప్రెషన్‌కు ఇచ్చే చాలా మందులు స్తంభనను తగ్గిస్తాయి. వాటిని మీ అంతట మీరు ఆపేయకండి. "దీని బదులు వేరేది ఇవ్వగలరా?" అని అడగండి, చాలాసార్లు మార్చడానికి వీలుంటుంది.